సందువైపు తలుపు

మార్చి 3

అమ్మడూ,

మన వీధి కూల్చి బదులిస్తామన్న ఫ్లాటు తాళంచెవి చేతికొచ్చింది. ఈ ముక్క నిలబడే రాసి, ఆ తర్వాత కూర్చున్నాను. తొమ్మిదో అంతస్తు. మీ నాన్న జన్మలో నిచ్చెన తప్ప ఎత్తైనదేదీ ఎక్కలేదు, ఇప్పుడు పావురాల వీపులు పైనుంచి చూస్తున్నాడు.

ఫోను చెయ్యలేదని కోప్పడకు. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. నువ్వు మెల్లగా చెప్తే నాకు వినపడదు, నేను చెప్తే భవనం మొత్తానికి వినపడుతుంది. మనిద్దరికీ ఉత్తరమే మర్యాద.

ఇంటి సంగతి విను. వంటగదిలో కుళాయి తిప్పితే నీళ్ళు. మొదటిరోజు నాలుగుసార్లు తిప్పాను, నమ్మకం కుదరడానికి. మరుగుదొడ్డి ఇంట్లోనే, లోపల గడియతో. బిందె పట్టుకుని వరసలో నిలబడే పని లేదు. మీ అమ్మ ఉంటే ఈ ఇంట్లో ఒక్క పూట కూర్చోబెట్టి, నేనే నీళ్ళు పట్టి ఇచ్చేవాణ్ణి. తలుపులు మాత్రం చెక్కవి కావు, రంపపు పొట్టు నొక్కి చేసిన అట్టలు. వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగుతాయి. నలభై ఏళ్ళు వడ్రంగం చేసినవాణ్ణి, అంతమాత్రం అనే హక్కు నాకుంది. అయినా ఇంత సంతోషంలో తలుపుల మీద కోపమేమిటని వాటినీ క్షమించేశాను.

పాత ఇంటి చెక్కలు కొన్ని పారెయ్యబుద్ధి కాక తెచ్చుకున్నాను. వాటితో ముందుగదిలో గోడకి మూడు అరలు కొట్టాను. చూసినవాళ్ళంతా బాగున్నాయంటున్నారు.

మన వీధి మొదట్లో బల్ల వేసుకుని ఇస్త్రీ చేసే అమ్మాయి ఉంది చూడు, దానికి నాలుగో అంతస్తు వచ్చింది. కింద బల్ల పెట్టనివ్వడం లేదట. లిఫ్టుందిగా, బట్టలు పైకే తెప్పించుకోమన్నాను. "లిఫ్టు నాకుంది బాబాయ్, బట్టలిచ్చేవాళ్ళకి గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు" అంది. ఎప్పుడూ అంతే, పుల్లవిరుపు మాటలు. సర్దుకుంటుందిలే.

నీ చోటు కూడా సిద్ధంగా ఉంది. తూర్పు కిటికీ. కుట్టుమిషన్ అక్కడ పెడితే పొద్దున లైటు వెయ్యనక్కర్లేదు. వచ్చి చూసుకో తల్లీ.

మబ్బుల పక్కింటి నుంచి,
నీ నాన్న

మార్చి 14

నాన్నా,

నీ ఉత్తరం భోజనాల వేళ అందింది. చదువుతూ ఏడిస్తే పక్క మిషన్ల వాళ్ళు ఎవరు పోయారని అడిగారు. ఎవరూ పోలేదు, నాకు ఇల్లొచ్చింది అన్నాను.

నా తలుపు సర్వేవాళ్ళకి చూపించావన్నమాట. వేరే తలుపు, వేరే పొయ్యి ఉంటే వేరే ఫ్లాటు ఇస్తారని ఇక్కడికి వచ్చేముందు నీకు పదిసార్లు చెప్పాను. నువ్వు తలూపావు గానీ, విన్నావో లేదో అని ఏడాదిగా గుబులు. సర్వే రోజుకి ఇక్కడ సెలవు దొరకలేదు. ఆ తప్పు నాదే అనుకుంటూ ఉన్నాను.

ఎనిమిదేళ్ళ కిందట నీ గదిలో సగం నాకిచ్చి, మధ్యలో చెక్కలతో అడ్డు కట్టావు. ఆ సగంలో కుట్టుకుని బతికాను. ఇప్పుడు నా పేరు మీద నాలుగు గోడలు. రాయాలంటే వింతగా ఉంది.

కిటికీ తూర్పు అన్నావు, నంబరు చెప్పలేదు. ఎన్నో అంతస్తు? నీ పక్కదేనా? కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్ళని వాచ్‌మన్ పంపిస్తాడా? అది ముందు కనుక్కో. వాళ్ళు రాకపోతే కిటికీ ఎటున్నా ఒకటే.

ఇక్కడ నేను కుట్టేది కాలర్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెడలే, మనిషి మిగతాది ఎలా ఉంటుందో మర్చిపోయాను. మే నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది. మళ్ళీ రాయించుకోనని సూపర్‌వైజరుకి చెప్పేస్తాను.

లోపల గడియ అన్నావే, ఆ మాట రెండుసార్లు చదివాను.

నీ అమ్మడు

మార్చి 22

అమ్మడూ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. తీసి చదువుతాను, మళ్ళీ పెడతాను. అంత సంతోషం ఇచ్చావు.

నంబరుదేముంది, ఈ ఇల్లంతా నీది కాదా? ఉద్యోగం సంగతి మాత్రం తొందరపడకు. చేతిలో ఉన్నది వదులుకోవడం మంచిది కాదు. సూపర్‌వైజరుతో ఇప్పుడే మాట్లాడకు.

పిల్లల పెద్దమ్మ గుర్తుందా, పనులకెళ్ళే తల్లుల పిల్లల్ని వసారాలో కూర్చోబెట్టుకునేది? ఆవిడకి ఇక్కడ వసారా లేదు. నడవాలో కూర్చోబెడితే గోల అని పక్కవాళ్ళు ఫిర్యాదు చేశారట. ఇద్దరు తల్లులు పని మానుకుని ఇంట్లో కూర్చున్నారు. ఆవిడ కూడా ఊరికే కూర్చుంటోంది. నాతో, "తమ్ముడూ, కొత్త ఇంట్లో గోడలు చాలా శుభ్రంగా ఉన్నాయి, చూసి చూసి కళ్ళు నొప్పెడుతున్నాయి" అంది. నవ్వొచ్చింది. తర్వాత అంత నవ్వు రాలేదు.

నిన్న లిఫ్టులో ఒకాయన నన్ను ఎన్నో అంతస్తు అని అడిగాడు. తొమ్మిది అని చెప్పడం ఎంత బాగుందో. కుళాయిలో నీళ్ళు వస్తూనే ఉన్నాయి. అరల మీద మీ అమ్మ గాజు సీసాలు పెట్టాను.

చేతి రాత వంకర పోతోంది, వయసు. ఇక ఆపుతాను.

నీ నాన్న

ఏప్రిల్ 6

నాన్నా,

తొందరపడొద్దన్నావు, అప్పటికే చెప్పేశాను. సూపర్‌వైజరు మొహం మాడ్చుకుని, నా మిషన్‌కి వేరే అమ్మాయిని చూసుకున్నాడు. నువ్వు బెంగపడకు. చేతిలో పని ఉన్నదాన్ని, నా ఇంట్లో కూర్చుంటే వారానికి పదిమంది రారా?

హాస్టల్లో నా పై మంచం అమ్మాయి బోర్డులు రాస్తుంది. నాకోసం ఒకటి రాసింది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు, పక్కన కత్తెర బొమ్మ. కత్తెర కాస్త కొంగలా వచ్చింది, ఫర్వాలేదు. అంతస్తు, నంబరు రాయడానికి కింద ఖాళీ వదిలింది. రోజూ అడుగుతోంది, నంబరేది అక్కా అని.

నువ్వు రెండు ఉత్తరాలు రాశావు. పావురాల గురించి రాశావు, అరల గురించి రాశావు. నంబరు రాయలేదు. నాన్నా, ఒక్క నంబరు.

నీ అమ్మడు

ఏప్రిల్ 15

అమ్మడూ,

నంబరు లేదు.

నీ పేరు మీద ఫ్లాటు రాలేదు. రాకుండా చేసింది ఆఫీసు వాళ్ళు కాదు, నేను.

సర్వేకి వారం ముందు, ఫ్లాట్లు వచ్చే పక్క వీధివాళ్ళ జాబితా గోడకి అంటించారు. చూడ్డానికి వెళ్ళాను. మగవాళ్ళ పేర్లకి పక్కన ఏమీ లేదు. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళ పేర్ల పక్కన మాత్రం ఒక గడి, అందులో కారణం. భర్త పోయిన. భర్త వదిలేసిన. ఇద్దరు మగాళ్ళు దాని ముందు నిలబడి వేలు పెట్టి చదువుకుంటూ నవ్వుకుంటున్నారు. నాకు వాళ్ళ మాటలు వినపడలేదు, పళ్ళు కనపడ్డాయి. ఆ గడిలో నీ పేరు ఊహించుకున్నాను.

ఇంటికొచ్చి అడ్డు విప్పేశాను. నా చేత్తో కొట్టిన మేకులు నా చేత్తోనే పీకాను. నీ పొయ్యి మంచం కిందికి తోశాను. సందువైపు నీ తలుపుకి అడ్డపట్టీలు కొట్టి, ముందు బీరువా జరిపాను. సర్వేవాళ్ళు వచ్చి ఒకటే గదేనా అన్నారు. ఒకటే అన్నాను. ఇంట్లో ఇంకెవరైనా అని అడిగారు. మా అమ్మాయి అత్తవారింట్లో ఉందన్నాను.

గది పెద్దదిగా కనిపిస్తే పెద్ద ఫ్లాటు ఇస్తారని కూడా అనుకున్నాను. అదీ దాచను. అలా ఏమీ ఇవ్వలేదు. అందరికీ ఒకటే కొలత.

ఆ అడ్డు చెక్కలే గోడకి అరలయ్యాయి. నీ దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్ళ కొలతలన్నీ పెన్సిలుతో దానిమీదే రాసేదానివి కదా, పేరూ తారీకుతో సహా. రాత ఉన్న వైపు ఎవరికీ కనపడకుండా కిందికి పెట్టాను. మధ్యాహ్నం చాప వేసుకుని నడుం వాలిస్తే, నీ రాత సరిగ్గా నా మొహం మీద ఉంటుంది. పైనుంచి చూసినవాళ్ళంతా బాగున్నాయంటున్నారు.

సంతోషమని రాసిన ప్రతి ఉత్తరమూ ఈ చెక్కల కింద కూర్చునే రాశాను. సంతోషం కూడా అబద్ధం కాదు, అదే సిగ్గుగా ఉంది.

నాన్న

ఏప్రిల్ 24

నాన్నగారికి,

మీ ఉత్తరం అందింది.

తలుపు వీధివైపు పెట్టమని ఎనిమిదేళ్ళ కిందట మిమ్మల్ని అడిగాను. వచ్చేవాళ్ళకి సులువుగా ఉంటుందన్నాను. అటునుంచి గాలి రాదని చెప్పి సందువైపు పెట్టారు. గాలి వీధి నుంచే వచ్చేది. సందులోకి డ్రైనేజీ వాసన తప్ప ఏమీ రాలేదు. నాకు చోటు ఇచ్చారని ఇన్నేళ్ళూ అనుకున్నాను. దాచిపెట్టారని ఇప్పుడు తెలిసింది.

ఒక తప్పు దిద్దండి. ఆయన నన్ను వదల్లేదు. నేను ఆయన్ని వదిలి వచ్చాను. విరిగిన చేత్తో వస్తే కట్టు వేయించింది మీరే. మీకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు.

మే నెలాఖరు తర్వాత ఎక్కడ ఉంటానని అడగకండి. మీ ఇంట్లో తూర్పు కిటికీ ఉందని నాకు తెలుసు. ఇంకొకరి కిటికీ కింద పడుకోవడానికి నేను ఇంతకాలం కుట్టలేదు.

బోర్డు మంచం కింద పెట్టేశాను.

మీ కూతురు

మే 5

అమ్మడూ,

మీరు అని రాశావు. పుట్టినప్పటి నుంచి నన్ను ఆ మాట అనలేదు. ఉత్తరం మడిచి అర మీద పెట్టాను, పెట్టిన చోటు చూసి మళ్ళీ తీశాను.

సోమవారం అరలు విప్పాను. లిఫ్టులో చెక్కలు పట్టుకెళ్ళకూడదన్నారు. మెట్ల మీద దిగాను. నాలుగో అంతస్తులో ఇస్త్రీ అమ్మాయి తలుపు తీసి, "ఏంటి బాబాయ్, ఇల్లు విప్పి అమ్ముకుంటున్నావా" అంది. చెక్క తిప్పి చూపించాను. పై వరసలోనే దాని పేరు, ఛాతీ, నడుము, తారీకు. కాసేపు చూసి, "ఇంత సన్నంగా ఉండేదాన్నా" అంది. ఒక కొస పట్టుకుంది. రెండో అంతస్తులో పిల్లల పెద్దమ్మ చెప్పులేసుకుని వెనకే వచ్చింది. కిందికి చేరేసరికి ఆరుగురు ఆడవాళ్ళు, అందరూ నీ చెక్క మీద ఉన్నవాళ్ళే.

నువ్వు కాపురం వదిలి వచ్చావని వాళ్ళందరికీ తెలుసట. నీ మొగుడు దూరదేశంలో ఉద్యోగమని నేను చెప్పింది ఒక్కరూ నమ్మలేదట. "నువ్వు బాధపడతావని నమ్మినట్టు ఉన్నాం తమ్ముడూ" అంది పెద్దమ్మ. ఎనిమిదేళ్ళు నేను వాళ్ళ దగ్గర దాచాననుకున్నాను, వాళ్ళు నా దగ్గర దాచారు.

అందరం ఇళ్ళిచ్చే ఆఫీసుకి వెళ్ళాం, గుమాస్తా ముందు నేను నిలబడ్డాను. అతని చెవిలో చెప్పినట్టు మెల్లగా చెప్దామనుకున్నాను. నా గొంతు సంగతి నీకు తెలుసుగా. సర్వేలో అబద్ధం చెప్పాను, మా అమ్మాయికి వేరే తలుపు, వేరే పొయ్యి ఉండేవి, నేనే మూసేశాను అన్నాను. హాలంతా తిరిగి చూసింది.

"భర్త వదిలేసినావిడా" అని అడిగాడు.

"కాదు, అదే వదిలేసి వచ్చింది" అన్నాను.

"అలాంటి గడి లేదు తాతా."

"మగాళ్ళకి గడే లేదుగా, మాకు ఇంకోటి గీయడానికి చోటు లేదా" అంది ఇస్త్రీ అమ్మాయి. వెనక వరసలో నవ్వారు. ఈసారి ఆ నవ్వు నన్ను చూసి కాదు. నన్ను చూసి అయినా నాకు తగినదే.

లోపలి నుంచి పై అధికారి వచ్చింది, ఆడమనిషే. చెక్కలు గోడకి ఆనించి వరసగా చదివింది. తప్పుడు మాట చెప్పినందుకు నా ఫ్లాటు మీద కూడా విచారణ పెట్టాల్సి వస్తుంది, తెలుసా అంది. తెలుసన్నాను. అప్పటిదాకా తెలియదు. అయినా ఆ క్షణంలో తెలియదని చెప్పి ఇంకోసారి తప్పించుకోవాలనిపించలేదు. చెక్కలు సాక్ష్యంగా ఉంచుకున్నారు.

ఇప్పుడు గోడకి మేకుల రంధ్రాలు మాత్రం ఉన్నాయి. పూడ్చలేదు.

నువ్వు నన్ను ఎలా పిలిచినా పలికే
నాన్న

మే 13

నాన్నా,

రాయకూడదనుకున్నాను. మూడు రోజులు కాలర్లు వంకరగా కుట్టాను.

నాకింకా కోపం పోలేదు. ఆ సంగతి ముందు రాస్తున్నాను.

రెండోది. ఇక్కడ హాస్టల్లో మొదటిరోజు ఫారం ఇచ్చారు. అందులోనూ ఒక గడి ఉంది. నేను "భర్త ఓడలో ఉద్యోగం" అని రాశాను. నా చేత్తోనే. బోర్డు రాసిన అమ్మాయి ఏడాదిగా అడుగుతోంది, ఓడ ఎప్పుడొస్తుందక్కా అని. నీ ఉత్తరం చదివాక దానికి నిజం చెప్పాను. అది, "పోనీలే, ఓడ కూడా మునిగింది" అంది.

నీ మీద విసిరిన మాటల్లో కొన్ని నాకూ తగులుతాయి. కొన్నే. తలుపు మాత్రం పూర్తిగా నీదే.

నీ ఫ్లాటు పోతే ఏం చేస్తావు? ఆ కుళాయి గురించి నువ్వు రాసింది గుర్తొస్తోంది.

ముప్ఫై ఒకటిన దిగుతాను. నీ ఇంటికి కాదు. ఇస్త్రీ వదినకి రాశాను, వాళ్ళింట్లో ఒక మూల మిషన్ పెట్టుకోమంది.

అమ్మడు

మే 27

అమ్మడూ,

ఇది నీకు చేరేలోపు నువ్వే రావొచ్చు. అయినా రాస్తున్నాను, ఎదురుగా అయితే అరుస్తాను.

నిన్న అధికారి ఇద్దరు మనుషుల్ని తీసుకుని మన పాత వీధికి వచ్చింది. వీధి అనడానికి ఏముంది, చదును చేసిన నేల. పాత కుళాయి గొట్టం ఒక్కటే నిలబడి ఉంది. నీ తలుపు ఎక్కడ ఉండేదో చూపించమంది. కుళాయి నుంచి టేపు పట్టాను. పదకొండు అడుగులు, ఎడమకి మలుపు, అక్కడ నీ గుమ్మం. కట్టినవాణ్ణి నేనే కదా, కొలతలు చేతికి గుర్తున్నాయి. పిల్లల పెద్దమ్మ నాలుగడుగులు నడిచి, ఇక్కడ పొయ్యి, ఇక్కడ మిషన్ అంది. ఇస్త్రీ అమ్మాయి మసి పట్టిన గోడ ఉండే చోట నిలబడి ఆకాశం వైపు చూపించింది, ఇక్కడ పొగ పోయేదని. మిగతావాళ్ళు కొలతలివ్వడానికి ఎక్కడ నిలబడేవారో అక్కడ నిలబడ్డారు. గోడలు లేకుండానే నీ గది నిండిపోయింది.

"తలుపు ఇటెందుకు పెట్టారు, వీధి అటుంటే" అని అధికారి అడిగింది.

"సిగ్గుపడి" అన్నాను.

ఆవిడ అది కూడా రాసుకుంది.

నీకు ఫ్లాటు వచ్చిందని చెప్పే అబద్ధపు సంతోషపు ఉత్తరం కాదిది. ఇంకా రాలేదు. మరోసారి పరిశీలించాల్సినవాళ్ళ జాబితాలో నీ పేరు ఎక్కింది, అంతవరకే. నా ఫ్లాటు సంగతి వచ్చే నెల తేలుస్తారట. పోతే పోతుంది. కుళాయి తిప్పుకుని చూసుకున్నాను కదా. ఆ ఆరుగురు ఆడవాళ్ళలో ఇద్దరు కూడా అర్జీలు పెట్టారు, అన్నల పేరు మీదకి వెళ్ళిపోయిన ఇళ్ళ కోసం. నా గొంతు పని చేస్తుందని వాళ్ళతో పాటు నన్నూ తీసుకెళ్ళారు.

ఇల్లు వచ్చిన రోజున ఆ అట్ట తలుపు పీకి నేను చెక్కది చేస్తాను. ఎటు తెరుచుకోవాలో నువ్వు చెప్పు, నేను మాట్లాడను. నీ బోర్డు తెచ్చుకో, మేకులు తీసి పెట్టాను. నంబరు చోటు ఖాళీగానే ఉండనీ.

ఈ పొద్దున ఆ జాబితాని కింది అంతస్తులో లిఫ్టు పక్క గోడకి అంటించారు. వచ్చేపోయేవాళ్ళంతా చదువుతున్నారు. నీ పేరు పక్క గడిలో అచ్చు మాట కొట్టేసి, పెన్నుతో "తానే వదిలి వచ్చిన" అని రాసి ఉంది. పక్క వీధాయన వేలు పెట్టి చదివి, నావైపు తిరిగి ఏదో అడిగాడు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను, మీ అమ్మాయేనా అని. వెళ్ళిపోవచ్చు, చెవుడు ఉన్నదే. కానీ నిలబడ్డాను.

"మా అమ్మాయే" అన్నాను.

లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళందరికీ వినపడింది. ఈసారి నాక్కూడా వినపడింది.

ముప్ఫై ఒకటిన గేటు దగ్గర ఉంటాను, మిషన్ నాలుగో అంతస్తుకి మోయడానికి.

నీ నాన్న